ఆస్పత్రి బిల్లులో ప్రతి పద్దూ చూపించాలని చట్టం చేస్తే ఖజానా మీద పడే భారం ఎంత?

#1 అడిగేమనిషి
అందరికీ నమస్కారం. మేం ఏడెనిమిది మందిమి కలిసి రోగుల తరఫున ఒక వినతిపత్రం తయారుచేస్తున్నాం. అడిగేది ఒకటే. ఇంటికెళ్ళే ప్రతి రోగికీ ఆస్పత్రి పద్దులవారీ బిల్లు ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే చర్య ఉండాలి. 'మందులు ఇంత, పరీక్షలు ఇంత, ఇతరములు ఇంత' అని నాలుగు లైన్లు కొట్టి చేతిలో పెడితే చెల్లదు.

మొన్న ఆరోగ్యశాఖలో పనిచేసే ఒక పెద్దాయనకు చూపించాం. ఆయన మొత్తం చదివి ఒకే ప్రశ్న వేశారు: "బాగానే ఉంది. అమలు చేయడానికి సర్కారుకు ఏడాదికి ఎంతవుతుంది?" మా దగ్గర జవాబు లేదు. మాలో ఒకతను "కాగితం, ప్రింటరు ఆస్పత్రివే కదా సార్, సర్కారుకేముంది" అన్నాడు. ఆయన నవ్వి కాగితాలు తిరిగిచ్చేశారు. ఆ నవ్వుకు అర్థం చెప్పగలిగేవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటారేమోనని అడుగుతున్నా.

#2 తోకచుక్క
స్టేపుల్ పిన్ను ఖర్చు మర్చిపోయారు.
మా నాన్నగారి ఆపరేషన్ బిల్లు మొదట ఒక పేజీ, ఆరు లైన్లు. అందులో పెద్ద అంకె 'ఇతరములు'కే. మూడుసార్లు తిరిగి, గొంతు పెంచితే పద్నాలుగు పేజీలు బయటికొచ్చాయి. అంటే అవి అక్కడే ఉన్నాయన్నమాట. ఉన్నవి ఇవ్వడానికి సర్కారుకు ఖర్చేమిటో నాకూ అర్థం కావట్లేదు.

#3 కౌంటర్నంబర్3
నేను ఆస్పత్రి బిల్లింగులో పదకొండేళ్ళుగా ఉన్నాను, కాబట్టి లోపలి సంగతి చెబుతాను. తోకచుక్క గారు అన్నది నిజమే, ప్రతి పద్దూ మా సిస్టంలో ఉంటుంది. వార్డు నుంచి ఇండెంటు, అంటే కావలసిన వాటి చీటీ, వస్తుంది, ఫార్మసీ ఇష్యూ చేస్తుంది, వాడనివి రిటర్నుకు వెళతాయి. ల్యాబు, స్కాను, డాక్టరు విజిటు, అన్నీ విడివిడిగానే ఎక్కుతాయి. ఇన్సూరెన్సు వాళ్ళకు ఆ బ్రేకప్ మొత్తం పంపుతాం, లేకపోతే వాళ్ళు రూపాయి కూడా వదలరు. రోగికి మాత్రం సమ్మరీ ఇస్తాం.

ప్రింటు తీయడం ఒక బటన్ పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. "రోజుకు ఇన్ని జతల గ్లౌజులు ఎందుకు?" "ఈ ఇంజెక్షన్ మూడోరోజు ఆపేశామన్నారు, నాలుగోరోజు ఎందుకుంది?" అని అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు వార్డుకు ఫోను చేయాలి, చార్టు తెప్పించాలి. నాలుగు లైన్ల బిల్లుకు నాలుగు ప్రశ్నలొస్తే రెండొందల లైన్ల బిల్లుకు ఎన్నొస్తాయో మీరే చూసుకోండి. సమ్మరీ ఇవ్వడంలో దాపరికం కొంత, ఈ భయం కొంత. యాజమాన్యాన్ని వెనకేసుకు రావడంలేదు, కౌంటర్ వెనక కూర్చునేవాళ్ళ పరిస్థితి చెబుతున్నానంతే.

#4 సున్నాఒకటి
బటన్ పని అనడానికి నేను ఒప్పుకోను అన్నా. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు రాసే కంపెనీలో ఉన్నాను. మీ సిస్టంలో ఉన్న పద్దు మీకు అర్థమవుతుంది, రోగికి కాదు. సర్వీస్ మాస్టర్లో, అంటే ఆస్పత్రి సేవలన్నిటి జాబితాలో, వేల లైన్లుంటాయి. సగం పొడి అక్షరాలు, మిగతా సగం ఎప్పుడో వెళ్ళిపోయిన ఉద్యోగి పెట్టిన పేర్లు. వాటన్నిటికీ మామూలు మాటల్లో వివరణ రాయమంటే అదొక ప్రాజెక్టు. అమెరికాలోనైతే ఒక్కో వైద్యసేవకూ గుర్తుగా బిల్లుల్లో వాడే సీపీటీ కోడ్ల మీద హక్కులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌వి. వాడుకోవాలంటే లైసెన్సు కావాలి.

ఇక అంచనాల సంగతి. ఆస్పత్రులు ధరలు బయటపెట్టాలని అమెరికా తెచ్చిన నిబంధన 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అది బిల్లు గురించి కాదు, ధరల పట్టిక గురించి. అయినా మన చర్చకు పనికొస్తుంది. ముసాయిదాలో ప్రభుత్వం వేసిన లెక్క, ఒక్కో ఆస్పత్రికి 12 గంటల పని, సుమారు 1,017 డాలర్లు. ఆస్పత్రులన్నీ గగ్గోలు పెట్టాక తుది నిబంధనలో మొదటి ఏడాదికి 150 గంటలు, సుమారు 11,900 డాలర్లు అని రాశారు. 6,002 ఆస్పత్రులకు కలిపి 7 కోట్ల 14 లక్షల డాలర్లు. నిబంధన అదే, రాసిన కార్యాలయమూ అదే. పన్నెండు గంటలు నూటయాభై అయ్యాయి. కాబట్టి ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మకండి.

#5 పాతఫైలు
అడిగేమనిషి గారూ, ఆ పెద్దాయన నవ్వు నాకు అర్థమైంది. ఇరవై ఏడేళ్ళు ప్రభుత్వ ఆడిట్లో పనిచేసి రిటైరయ్యాను.

పైన అందరూ ఆస్పత్రి ఖర్చు చెప్పారు. ఆయన అడిగింది అది కాదు. చట్టం గెజిట్లో అచ్చయిన రోజున సర్కారుకు ఖర్చు పెద్దగా ఉండదు. ఎవరో ఒక రోగి "నాకు బిల్లు ఇవ్వలేదు" అని మొదటి అర్జీ పెట్టిన రోజున మొదలవుతుంది. దాన్ని తీసుకోవడానికి ఒకరుండాలి. ఆస్పత్రికి నోటీసు పంపాలి, జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి. వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చడానికి బిల్లింగూ వైద్యమూ రెండూ తెలిసిన మనిషి కావాలి, అలాంటివాళ్ళు జీతం స్కేళ్ళలో దొరకరు. జరిమానా వేస్తే అప్పీలుకు వెళతారు, ప్రభుత్వ న్యాయవాది కావాలి.

బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు ఆర్థిక వివరణ పత్రం జతచేస్తారు. కొత్త చట్టానికి ఎంతవుతుందో అందులో చెప్పాలి. అక్కడ తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: 'ప్రస్తుత సిబ్బందితోనే నిర్వహించబడును, అదనపు వ్యయం ఉండదు.' ఆ వాక్యానికి తలూపుతూ సంతకం పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి. సిబ్బంది లేకుండా చట్టం పుడితే ఏమవుతుందో తర్వాత ఆడిట్‌కు వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. అర్జీల రిజిస్టరులో రాక తేదీలుంటాయి, పరిష్కార తేదీల గడి ఖాళీగా ఉంటుంది.

ఆస్పత్రుల నమోదు, నియంత్రణ కోసం చేసిన భారతదేశపు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 2010 తీసుకోండి. జిల్లా స్థాయి నమోదు సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు, జిల్లా ఆరోగ్యాధికారి కన్వీనరు. ఇద్దరికీ అంతకుముందే తలకు మించిన పని. 2010లో రాసిన ప్రకారం, వేరే శిక్ష చెప్పని ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల దాకా, రెండోసారి 50,000 దాకా, ఆపైన 5 లక్షల దాకా జరిమానా. మొదటి జరిమానా వసూలు చేయడానికి నడిచే ఫైలు ఖర్చు ఆ పదివేలు దాటకపోతే ఆశ్చర్యపోవాలి.

#6 ఎదురువాదం
ఇదే నేను చెప్పబోయేది. నియంత్రణ అంటే ఉచితం అనుకుంటారు. అమెరికాలో 2022లో నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అమల్లోకి వచ్చింది, అనుకోని బిల్లుల నుంచి రోగిని కాపాడటానికి. ఆస్పత్రికీ బీమా కంపెనీకీ ధర మీద తగాదా వస్తే మధ్యవర్తి తేల్చాలన్నారు. ఏడాదికి సుమారు 17,000 తగాదాలు వస్తాయని సర్కారు అంచనా. 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి లోపల వచ్చినవి 3.3 లక్షలు పైనే. దాఖలు రుసుము ఒక్కో పక్షానికి 50 డాలర్లుండేది, ఖర్చు తట్టుకోలేక 350 చేశారు. 2023 ఆగస్టులో కోర్టు కొట్టేసింది. తర్వాత 2024లో 115 చేశారు. చట్టం మంచిదే, లెక్కే తప్పింది. మీ వినతిపత్రానికీ అదే గతి పట్టదని ఏమిటి?

#7 పాతఫైలు
మంచి ఉదాహరణే తెచ్చారు, కానీ సగమే చెప్పారు. ఆ తగాదాల్లో ఎక్కువ భాగం వేసింది రోగులు కాదు, వైద్యం చేసిన పక్షం. కేసు గెలిస్తే మంచి డబ్బు వస్తుంది, వేయడానికి ప్రత్యేకంగా మనుషులున్నారు, కట్టలు కట్టలుగా వేశారు. బిల్లు అందని రోగికి అంత ఓపిక ఎక్కడిది? ఇంట్లో ఇంకా మంచం మీద మనిషి ఉంటాడు. కాబట్టి అర్జీలు ఎన్ని వస్తాయని అంచనా వేసేముందు, అర్జీ పెడితే ఎవరికి లాభమో చూడాలి. అమెరికావాళ్ళు జారింది అక్కడే.

#8 నైట్‌డ్యూటీ
ఇంతసేపూ చదివాను, మా పేరు ఒక్కరూ ఎత్తలేదు. నేను ఐసీయూ నర్సుని.

బిల్లులో ప్రతి పద్దూ ఉండాలంటే ఆ పద్దు ఎక్కించేది ఎవరు? రాత్రి రెండింటికి ఒక పేషెంటు గుండె ఆగింది అనుకోండి. క్రాష్ కార్ట్, అంటే అత్యవసర మందులూ సామానూ ఉండే బండి, తెరుస్తాం, చేతికందింది చింపి వాడతాం. నలభై నిమిషాల తర్వాత మనిషి దక్కితే, నేల మీద పడిన రేపర్లు ఏరుకుంటూ ఎన్ని సిరంజిలు, ఎన్ని ఆంపూల్స్ అని లెక్కపెట్టి ఎంట్రీ వేసేది నేనే. దక్కకపోయినా వేయాలి. అప్పుడు ఒకటి ఎక్కువ పడొచ్చు, ఒకటి తగ్గొచ్చు. మోసం చేద్దామని కాదు.

దూది ముక్క కూడా విడిగా చూపాలని రూలు పెడితే, ఆ గంటలు మరో పేషెంటు దగ్గర ఉండాల్సిన నా గంటల్లోంచి పోతాయి. ప్రభుత్వాసుపత్రిలో అయితే ఆ గంటలకు జీతమిచ్చేది ఖజానాయే, అంటే అదీ సర్కారు ఖర్చే. ఆర్థిక పత్రంలో దానికి గడి ఉంటుందా సార్?

#9 పాతఫైలు
ఉండదమ్మా. ఎప్పుడూ లేదు.

#10 అడిగేమనిషి
ఇది నిజంగా మాకు తట్టలేదు. అయితే చిన్నచిన్న సామాను బెడ్ చార్జీలో కలిపేసి, ఒక విలువ దాటినవే విడిగా చూపమంటే సరిపోతుందా మేడమ్?

ఇంకో ప్రశ్న అందరికీ. ఈ ఖర్చును దాచకుండా, ఇదిగో ఇంత అని బాహాటంగా భరించిన దేశం ఏదైనా ఉందా?

#11 నైట్‌డ్యూటీ
మందులు మాత్రం ఎంత చిన్నవైనా విడిగానే ఉండాలి. మిగతా వాటికి మీరన్నది సబబే.

#12 దూరపుబంధువు
జపాన్. అక్కడ ఆరేళ్ళున్నాను. 2010 ఏప్రిల్ నుంచి, బీమాకు క్లెయిములు ఎలక్ట్రానిక్‌గా పంపే ఆస్పత్రులు, క్లినిక్కులు రోగికి పద్దుల పట్టిక ఉచితంగా ఇవ్వాలని రూలు. అడగక్కర్లేదు, రసీదుతోపాటే వస్తుంది. నాకు జలుబు చేసి వెళ్ళినా ఇచ్చేవాళ్ళు. వద్దంటే తప్ప.

అక్కడ వైద్యం ధరలన్నీ దేశమంతటికీ ఒకటే, పాయింట్లలో ఉంటాయి, ఒక పాయింటుకు 10 యెన్లు. ఈ రూలు పెట్టినప్పుడు, పట్టిక ఉచితంగా ఇచ్చే క్లినిక్కులకు, రోగి తిరిగి చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఒక పాయింటు అదనంగా కలిపారు. అంటే ఆ కాగితం ధర 10 యెన్లు. అందులో చాలామంది రోగులు కట్టేది 30 శాతం, మిగతాది బీమా నిధి. ఆ పట్టికలో ఆ పాయింటు కూడా ఒక లైనుగా ఉండేది! పట్టిక ఇచ్చినందుకు ఎంత తీసుకున్నారో పట్టికలోనే కనిపించేది.

ఒక సంగతి మాత్రం గమనించండి. వాళ్ళకు అది తేలికైంది ఎందుకంటే అందరూ ఒకే కోడ్ల జాబితా వాడతారు, అదే వివరం బీమాకు ఎలాగూ వెళుతోంది. ఆస్పత్రికో భాష ఉన్నచోట 10 యెన్లతో కాదు.

ఇంకోటి. మందు పేరు చూస్తే జబ్బు తెలిసిపోతుంది. క్యాన్సర్ సంగతి రోగికి ఇంకా చెప్పని కుటుంబాలుంటాయి, బిల్లు ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. వద్దనే హక్కు పెట్టడానికి అదీ ఒక కారణం.

#13 ఎదురువాదం
ఒక్కో విజిటుకు 10 యెన్లు చిన్నదే. దేశం మొత్తం విజిట్లతో గుణించండి, చిన్నది కాదు. పైగా ఎంతమంది చదువుతారు? మీరు జలుబు పట్టిక చదివారా?

#14 దూరపుబంధువు
ఒక్కసారీ చదవలేదు :)

#15 తోకచుక్క
నేను చదివాను. పద్నాలుగు పేజీలూ. పెన్సిలు పట్టుకుని. వెనక్కి ఇచ్చేసిన మందులు ఏడు, బిల్లులోంచి తీసేసినవి నాలుగు. చూపించగానే మాట్లాడకుండా తగ్గించారు. ఆరు లైన్ల బిల్లులో అది ఎలా పట్టుకునేవాణ్ణి?

#16 కౌంటర్నంబర్3
రిటర్న్స్ దగ్గర జరిగేదే అది. వార్డు తిరిగి పంపుతుంది, ఫార్మసీ షిఫ్టు మారుతుంది, ఫైనల్ బిల్లు ఈలోపు మూసేస్తారు. ఎక్కువసార్లు కావాలని చేసేది కాదు, కానీ తప్పు ఎప్పుడూ ఒకవైపుకే ఒరుగుతుందని రోగులు అంటే మా దగ్గర జవాబు ఉండదు.

#17 పాతఫైలు
ఎదురువాదం గారూ, వెయ్యిమందిలో ఒకరు చదివినా చాలు, మిగతావాళ్ళకు కూడా పనికొస్తుంది. 2018 ఫిబ్రవరిలో మనదేశపు ఔషధ ధరల నియంత్రణ సంస్థ, ఎన్‌పీపీఏ, ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు విశ్లేషించింది. కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. ఏ వస్తువుకు ఎంత తీసుకున్నారో విడివిడిగా ఉంది కాబట్టే అది తేలింది. 'ఇతరములు' మీద ఏ ఆడిటరూ శాతం కట్టలేడు. సర్కారుకు పడే ఖర్చుకు ఎదురుగా ఇదీ రాసుకోవాలి, ఎంత అని అంకె వేయలేకపోయినా.

ఇక అడిగేమనిషి గారికి కావలసిన లెక్క. నేను అంకె ఇవ్వను, పద్ధతి ఇస్తాను. కిందివన్నీ ఊహకు పెట్టుకున్నవే.

ఏడాదికి 10 లక్షల డిశ్చార్జిలు అనుకోండి. వెయ్యికి ఒకరు అర్జీ పెడితే 1,000 అర్జీలు. ఒక్కోటి తేలడానికి సగటున 6 గంటలు, అంటే 6,000 గంటలు. సెలవులూ మీటింగులూ పోను ఒక ఉద్యోగి ఏడాదికి ఇచ్చేది 1,600 గంటలు. నలుగురితో అయిపోతుంది. అదే నూటికి ఒకరు పెడితే 10,000 అర్జీలు, 60,000 గంటలు, ముప్పై ఎనిమిది మంది. ఒక కార్యాలయమే కావాలి, అద్దె, జీపు, అటెండరుతో సహా.

కాబట్టి నలుగురా, ముప్పై ఎనిమిది మందా అన్నదే అసలు ప్రశ్న. అది సర్కారు చేతిలో కంటే రూలు రాసే తీరులో ఎక్కువ ఉంది. బిల్లు అర్థమయ్యేలా ఉంటే సగం అర్జీలు పుట్టవు. ముందు ఆస్పత్రే ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, అది చాలకపోతేనే సర్కారు దగ్గరికి రావాలి అంటే ఇంకా తగ్గుతాయి.

#18 సున్నాఒకటి
ఇన్‌స్పెక్టరు పని బాగా తగ్గించే దారి ఒకటుంది. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం. బీమా నుంచి ఆఖరి చెల్లింపు అందిన 30 రోజుల్లోపు రోగికి పద్దులవారీ బిల్లు పంపాలి, ప్రతి సేవకూ మామూలు మాటల్లో వివరణ ఉండాలి. పంపకుండా బాకీ వసూలు చర్యలకు దిగకూడదు. బిల్లు ఇచ్చామని చూపించుకోవలసిన అవసరం ఆస్పత్రిదే అవుతుంది, లేకపోతే వాళ్ళ డబ్బే ఆగుతుంది. సర్కారు అంతగా కాపలా కాయక్కర్లేదు.

#19 పాతఫైలు
ఇది నాకు నచ్చింది. కాపలా ఖర్చులో ముప్పాతిక భాగం తగ్గుతుంది. కొంత కోర్టుల మీదికి వెళుతుంది, వెళ్ళనీయండి.

#20 కౌంటర్నంబర్3
ఆగండాగండి. బిల్లు తర్వాతెప్పుడో ఇంటికొచ్చే చోట అది పనిచేస్తుంది. పూర్తిగా కడితేగానీ గేటు దాటనివ్వని చోట ఏం చేస్తారు? అక్కడ బాకీయే ఉండదు, వసూలు ఆపడమన్న బెదిరింపుకు విలువే లేదు. డబ్బు చేతిలో పడ్డాక 30 రోజులు గడువిస్తే ముప్పయ్యోరోజు మళ్ళీ తోకచుక్క గారు గొంతు పెంచాల్సిందే.

#21 ఎదురువాదం
అయితే కట్టేముందే ఇవ్వాలనండి.

#22 నైట్‌డ్యూటీ
అంటే డిశ్చార్జి ఇంకో మూడు గంటలు లేటు. డాక్టరు పొద్దున తొమ్మిదికి వెళ్ళిపోవచ్చు అంటారు, బిల్లు తయారయ్యేసరికి సాయంత్రం. ఈలోపు క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఒకరు ఆ బెడ్ కోసం చూస్తూ ఉంటారు.

#23 కౌంటర్నంబర్3
రోజువారీ ఇంటరిమ్ బిల్లు, అంటే అప్పటిదాకా అయిన లెక్క, పద్దులతో సహా ఇచ్చేస్తే ఆఖరిరోజు మిగిలేది ఒక్కరోజు లెక్కే. తప్పుంటే ఆ రోజే దొరుకుతుంది, నర్సుకు కూడా గుర్తుంటుంది. ఇంటరిమ్ మొత్తం ఎంతైందో బంధువులకు రోజూ చెబుతూనే ఉంటాం, ఇంకా అడ్వాన్సు కట్టమనడానికి. ఆ అంకె వెనక ఉన్న కాగితం కూడా ఇస్తే సరి. మా మేనేజరు ఇది చదవకూడదు.

#24 అడిగేమనిషి
ప్రభుత్వాసుపత్రుల సంగతి? అక్కడ రోగి కట్టేదేమీ ఉండదు కదా, బిల్లు ఎందుకంటున్నారు మా వాళ్ళు.

#25 పాతఫైలు
అది వేరే పెద్ద కథ. ఏ వైద్యానికి తమకెంత పడుతుందో చాలా ప్రభుత్వాసుపత్రులకే తెలియదు, తెలుసుకోవాలంటే కాస్ట్ అకౌంటెంట్లు కావాలి. మొదటి చట్టంలో దాన్ని కలిపితే మొత్తం ఆగిపోతుంది. ప్రభుత్వమే ప్యాకేజీ ధర కట్టే పథకాల్లో మాత్రం ఏ వైద్యం చేశామని క్లెయిము పంపారో ఆ కాగితం రోగికీ ఒకటి ఇవ్వమనండి. జరగని ఆపరేషనుకు క్లెయిము వెళ్తే మొదట గుర్తుపట్టేది రోగే. అందులో ఖజానాకు మిగులే.

#26 అడిగేమనిషి
రాత్రి కూర్చుని మళ్ళీ రాశాం. కట్టేముందు బిల్లు, రోజువారీ ఇంటరిమ్, మందులన్నీ విడిగా, చిన్న సామాను ఒకే పద్దుగా. వద్దనుకునే హక్కు రోగిది. ముందు ఆస్పత్రి జవాబు, తర్వాతే అర్జీ. ఖర్చు దగ్గర నలుగురు, ముప్పై ఎనిమిది మంది లెక్క రెండూ పెట్టి, ఏ అంకె ఏ ఊహ మీద నిలబడిందో పక్కనే రాశాం. పాతఫైలు గారూ, ఒకసారి చూసిపెడతారా?

#27 పాతఫైలు
పంపండి. 'ప్రస్తుత సిబ్బందితోనే' అన్న మాట ఎక్కడైనా కనబడితే మాత్రం ఎర్ర సిరా పడుతుంది.

#28 కౌంటర్నంబర్3
తోకచుక్క గారూ, అడగడం మర్చిపోయాను. ఇంతకీ ఆ 'ఇతరములు'లో ఏముంది?

#29 తోకచుక్క
చాలా ఉన్నాయి. ఫైలు అట్ట, పరుపు మీది ప్లాస్టిక్ షీటు, వాడని నెబ్యులైజర్. పద్నాలుగో పేజీలో ఆఖరి లైను మాత్రం నేను అడిగాక కొత్తగా చేరింది: 'వివరణాత్మక బిల్లు ప్రతి, చార్జీ.'

#30 అడిగేమనిషి
అయ్యో. మా డ్రాఫ్టులో 'ఉచితంగా' అన్న మాటే లేదు. ఇప్పుడే చేరుస్తున్నా.